బ్యాటరీ పాస్‌పోర్టుకు గోదావరి డెల్టా తయారీదారులు సిద్ధం కావడం ఎలా

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో లిథియం సెల్స్ తెచ్చి బ్యాటరీ ప్యాకులు కట్టే వర్క్‌షాపు తన సరుకును ఐరోపాకు పంపదలిస్తే, ఐరోపా సమాఖ్య 2023/1542 నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి దాని పరిధిలోకి వచ్చే ప్రతి ప్యాకుకూ డిజిటల్ పాస్‌పోర్టు, అంటే ప్యాకు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే బ్యాటరీ వివరాల రికార్డు, ఉండాలి.

ముందుగా ఏ సరుకు దీని కిందికి వస్తుందో తేల్చుకోవాలి. విద్యుత్ వాహనాల బ్యాటరీలు, ఈ-సైకిల్, స్కూటర్ వంటి తేలికపాటి వాహనాల బ్యాటరీలు, 2 కిలోవాట్ అవర్లు దాటిన పారిశ్రామిక బ్యాటరీలు వస్తాయి. చెరువు గట్టున సోలార్‌కు వాడే 48 వోల్టుల, 50 యాంపియర్ అవర్ల ప్యాకు, ఆ రెంటినీ గుణిస్తే, 2.4 కిలోవాట్ అవర్లు కనుక పరిధిలోకి వస్తుంది. అదే 40 యాంపియర్ అవర్లదైతే 1.92 మాత్రమే కనుక రాదు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి ఈ బెడద లేదు.

అసలు కష్టం వివరాల సేకరణలోనే ఉంది. సెల్ రసాయనం, సామర్థ్యం, ఆయుష్షు, కార్బన్ పాదముద్ర (దాని వల్ల వెలువడే కర్బన ఉద్గారాల లెక్క) వంటివి సెల్ అమ్మిన వ్యాపారి దగ్గరే దొరుకుతాయి కాబట్టి, సరుకు దిగాక అడగడం కంటే కొనుగోలు ఆర్డరులోనే రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. ప్రతి ప్యాకుకూ విడి సంఖ్య ఇచ్చి, ఏ లాటు సెల్స్ ఎందులోకి వెళ్లాయో అదే రోజు నమోదు చేయాలి.

క్యూఆర్ కోడ్ చెరగకుండా ఉండాలన్నది నియమం. మన ఉప్పుగాలికి కాగితపు స్టిక్కరు అంచులు లేచిపోతాయి. కేసింగ్ మీద లేజరుతో చెక్కించండి. పాస్‌పోర్టు వివరాల బాధ్యత ఐరోపా మార్కెట్లో సరుకు పెట్టేవారిది. ఆ పనిని రాతపూర్వకంగా మరొకరికి అప్పగించే వీలుంది గనుక, ఎవరు ఏది నింపాలో ఒప్పందంలోనే స్పష్టంగా రాసుకోవాలి.