హెల్త్ వార్త చదవగానే అడగండి: ఎంత ఉన్నది ఎంత అయింది?

"ఫలానాది తింటే క్యాన్సర్ రిస్క్ 18 శాతం ఎక్కువ" అని ఒక హెడ్‌లైన్ వస్తుంది, పొద్దున్నే ఎవరో ఫార్వర్డ్ చేస్తారు, సాయంత్రానికి ఇంకెవరో దాని మీదే వీడియో పెడతారు, చివరికి చదివినవాళ్ళకి మిగిలేది ఒక భయం, ఒక అంకె. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ దాన్ని పట్టుకుని మీరు ఏ నిర్ణయమూ తీసుకోలేరు, ఎందుకంటే 18 శాతం పెరిగింది సరే, అసలు ముందు ఎంత ఉండేదో అందులో లేదు. హెల్త్ వార్తలు అర్థం చేసుకోవడంలో సగం పని ఈ ఒక్క ప్రశ్న అడగడమే అని నా గట్టి నమ్మకం.

ఈ 18 శాతం ఊరికే రాసింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ ఐఏఆర్‌సీ 2015 అక్టోబర్‌లో ప్రాసెస్డ్ మాంసం, అంటే సాసేజ్, బేకన్, హామ్ లాంటివి, పెద్దపేగు క్యాన్సర్‌కి కారణమవుతాయని తేల్చింది, రోజుకి 50 గ్రాములు తింటే రిస్క్ 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఇప్పుడు లెక్క వేద్దాం. పెద్దపేగు క్యాన్సర్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, లెక్క కోసం జీవితం మొత్తంలో 100 మందిలో 5 మందికి వస్తుందనుకోండి. 5లో 18 శాతం అంటే 0.9, దాదాపు ఒకటి. అంటే రోజూ 50 గ్రాములు తినే 100 మందిలో 5 బదులు 6 మందికి వస్తుందన్నమాట. ఇది తెలిశాక మానేస్తారా, తగ్గిస్తారా, అలాగే తింటారా అనేది మీ ఇష్టం, కానీ ఇప్పుడు తెలిసి తీసుకుంటున్నారు. ఇదే మాంసం, సిగరెట్ రెండూ ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో, ఉన్నాయి కాబట్టి "సిగరెట్ ఎంత ప్రమాదమో ఇదీ అంతే" అని చాలా చోట్ల రాసేశారు, అది తప్పు. ఆ గ్రూప్ నంబర్ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో మాత్రమే, ఎంతమందికి వస్తుందో కాదు. సిగరెట్ తాగేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ పది రెట్లు, అంతకంటే ఎక్కువ కూడా పెరుగుతుంది.

ఈ ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో 1995లో చూశారు. అక్కడ మందుల భద్రత చూసే కమిటీ, కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టే రిస్క్ రెట్టింపు అవుతుందని హెచ్చరిక ఇచ్చింది. రెట్టింపు, అంటే 100 శాతం ఎక్కువ, మీడియాలో అదే వచ్చింది. అసలు లెక్క ఏంటంటే 7000 మంది ఆడవాళ్ళలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది, అంతే. కానీ చాలామంది భయపడి మాత్రలు ఆపేశారు, ఆ తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 13,000 ఎక్కువ జరిగాయని అంచనా. ఇందులో బాధ కలిగించేది ఏంటంటే, గర్భం వస్తే రక్తం గడ్డకట్టే రిస్క్ ఆ మాత్రలతో వచ్చేదానికంటే ఎక్కువ ఉంటుంది, దేనికి భయపడ్డారో దానికే ఇంకా దగ్గరయ్యారు. "7000లో 1 నుంచి 2కి" అని ఒక్క లైన్ పైన రాసి ఉంటే ఎంతమంది ఆగి ఆలోచించేవాళ్ళో.

మంచి వార్తలకీ ఇదే వర్తిస్తుంది. "ఈ మందు హార్ట్ అటాక్ రిస్క్‌ని సగానికి తగ్గిస్తుంది" అంటే 100లో 20 మందికి వచ్చేది 10కి తగ్గిందా, 2 ఉన్నది 1 అయిందా? రెండూ 50 శాతమే. మొదటిదాంట్లో 100 మంది వాడితే 10 మంది తప్పించుకున్నారు, రెండోదాంట్లో ఒక్కరు తప్పించుకోవడానికి 100 మంది మందు మింగాలి, ఖర్చూ సైడ్ ఎఫెక్ట్సూ 100 మందీ భరించాలి. ఇంకో చిన్న కిటుకు: లాభాన్ని శాతంలో చెప్పి, సైడ్ ఎఫెక్ట్‌ని మాత్రం "వెయ్యిలో ఒకరికి" అని చెప్తుంటే జాగ్రత్తపడండి, రెండింటినీ ఒకే కొలతలోకి మార్చి చూడండి. ఎన్నేళ్ళలో అనేది కూడా చూడాలి, ఏడాదిలో 100కి 2 వేరు, ఇరవై ఏళ్ళలో 100కి 2 వేరు.

సరే అంకె దొరికింది, ఇప్పుడు రెండో విషయం, అది ఎలా తేల్చారు. జనాన్ని వాళ్ళ మానాన వాళ్ళని వదిలేసి ఎవరు ఏం తింటున్నారు, ఎవరికి ఏ జబ్బు వస్తోంది అని గమనించారా, లేక లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి మందులా కనిపించే ఉత్త మాత్ర ఇచ్చి చూశారా? మొదటిదాన్ని అబ్జర్వేషనల్ స్టడీ అంటారు, రెండోది రాండమైజ్డ్ ట్రయల్. వార్తలో "సంబంధం ఉంది", "లింక్ కనిపించింది" అని ఉంటే చాలాసార్లు మొదటిదే. దాంట్లో ఇబ్బంది ఏంటంటే విటమిన్లు కొనుక్కుని వేసుకునేవాళ్ళు సాధారణంగా డబ్బున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు, చెకప్‌కి వెళ్ళేవాళ్ళు అయి ఉంటారు, ఆరోగ్యం దేనివల్ల బాగుందో విడదీయడం చాలా కష్టం.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది హార్మోన్ మాత్రల కథ. మెనోపాజ్, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోవడం, తర్వాత హార్మోన్లు వాడే ఆడవాళ్ళకి గుండె జబ్బులు తక్కువగా వస్తున్నాయని అమెరికాలో నర్సుల మీద చేసిన పెద్ద అబ్జర్వేషనల్ స్టడీతో సహా చాలావాటిలో కనిపించింది, దాంతో గుండెకి మంచిదని డాక్టర్లు కూడా రాసేవాళ్ళు. తర్వాత విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అని 16,608 మందితో అసలైన ట్రయల్ పెట్టారు, 2002లో దాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఏడాదికి 10,000 మందిలో లెక్క చూస్తే గుండె జబ్బు 30 నుంచి 37కి పెరిగింది, బ్రెస్ట్ క్యాన్సర్ 30 నుంచి 38కి, స్ట్రోక్ 21 నుంచి 29కి, కాకపోతే తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి తగ్గింది. అనుకున్నది తిరగబడింది. అయితే ఇక్కడితో ఆగకూడదు, మళ్ళీ మొదటి ప్రశ్నకే రండి: 10,000లో 7, 8 మంది ఎక్కువ, అది కూడా ఆ ట్రయల్‌లో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. యాభైల్లో ఉండి, మెనోపాజ్ అప్పుడే వచ్చి, ఒంట్లో వేడి ఆవిర్లతో నిద్రలేక నలిగిపోతున్నవాళ్ళకి ఈ లెక్క యథాతథంగా సరిపోదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది, కానీ హెడ్‌లైన్ చూసి వాళ్ళు కూడా మానేశారు. ఎవరి మీద చేశారు, వాళ్ళు నాలా ఉన్నారా అని చూడటం అందుకే.

క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్ సంగతీ అంతే. అది ఎక్కువగా ఉన్న కూరగాయలు, పళ్ళు తినేవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించేది, సరే మాత్రగా ఇద్దామని ఫిన్‌లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ళ మీద ట్రయల్ చేస్తే, 1994లో వచ్చిన రిజల్ట్ ఏంటంటే మాత్ర వేసుకున్నవాళ్ళలోనే క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అలాగని అబ్జర్వేషనల్ స్టడీలన్నీ చెత్త అనకండి, సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అలాంటి స్టడీతోనే పట్టుకున్నారు. జనానికి బలవంతంగా సిగరెట్ ఇచ్చి ట్రయల్ చేయలేం కదా. అక్కడ తేడా చాలా పెద్దది, తర్వాత ఎవరు ఎక్కడ చేసినా అదే వచ్చింది, అందుకే నమ్మాం. తేడా 10, 20 శాతమే ఉండి ఒకే ఒక్క స్టడీ అయితే మాత్రం తొందరపడక్కర్లేదు.

మూడోది, మనుషుల మీద చేశారా? ఎలుకల్లో, ల్యాబ్ గిన్నెలో పెంచిన కణాల్లో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవడం చాలా మామూలు. 2020లో ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు ల్యాబ్‌లో కరోనా వైరస్‌ని అణిచేసిందని వార్త వచ్చింది, కానీ ఆ గిన్నెలో వాడిన మోతాదు మామూలు డోసు మాత్రతో రక్తంలోకి చేరేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2022లో 1,358 మంది కరోనా రోగులతో వచ్చిన టుగెదర్ ట్రయల్‌లో ఆస్పత్రి పాలవడాన్ని అది తగ్గించలేదని తేలింది. ఇక్కడ తప్పంతా విలేకరులదే అనుకోకండి, బ్రిటన్‌లో యూనివర్సిటీలు స్వయంగా ఇచ్చిన 462 ప్రెస్ రిలీజ్‌లని పరిశీలించి 2014లో బీఎంజే జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, అసలు పేపర్‌తో పోల్చినప్పుడు వాటిలో 40 శాతం సలహాని పెంచి చెప్పాయి, 36 శాతం జంతువుల్లో తేలినదాన్ని మనుషులకి అంటగట్టాయి. అతి అక్కడే మొదలవుతోంది.

నాలుగోది చాలామంది పట్టించుకోరు గానీ ప్రాణాల మీదకి తెచ్చేది ఇదే: వాళ్ళు కొలిచింది మీకు కావాల్సినదేనా? హార్ట్ అటాక్ వచ్చినవాళ్ళకి గుండె లయ తప్పితే చనిపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి లయని సరిచేసే మందులు ఇస్తే బతుకుతారు అనుకున్నారు. మందులు లయని సరిచేశాయి కూడా. కాస్ట్ అనే ట్రయల్‌లో మనుషులని లెక్కపెట్టి చూస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మందులు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్త మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. అందుకే "ఫలానా లెవెల్ తగ్గింది", "స్కాన్‌లో మెరుగైంది" అని చదివినప్పుడు, మరి ఎక్కువ కాలం బతికారా, నొప్పి తగ్గిందా, ఆస్పత్రికి వెళ్ళడం తగ్గిందా అని వెతకండి.

"ముందుగా పట్టేస్తున్నాం" అన్న వార్తలకీ ఇదే చూపు కావాలి. దక్షిణ కొరియాలో 1999 నుంచి క్యాన్సర్ స్క్రీనింగ్ ఊపందుకుని మెడ స్కాన్లు విపరీతంగా చేశారు, 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి, చావులు మాత్రం ఏమీ తగ్గలేదు, ఎప్పటిలాగే ఉన్నాయి. ఏ హానీ చేయకుండా ఉండిపోయే గడ్డలని కూడా వెతికి పట్టి ఆపరేషన్ చేశారన్నమాట. అన్ని స్క్రీనింగులూ ఇలాంటివి కావు, కానీ "ఐదేళ్ళు బతికినవాళ్ళ శాతం పెరిగింది" అంటే సరిపోదు, హాని చేయని గడ్డలు లెక్కలో కలిసినా ఆ శాతం పెరుగుతుంది, చావులు తగ్గాయా అన్నదే చూడాలి.

ఇక స్వయంగా చూసుకోవాలంటే, పది నిమిషాలు చాలు. వార్తలో జర్నల్ పేరో, రీసెర్చర్ పేరో ఉంటుంది, అసలు ఏదీ లేకపోతే అక్కడే వదిలేయండి. ఆ పేరూ జబ్బు పేరూ కలిపి పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల వెబ్‌సైట్‌లో వెతికితే పేపర్ సారాంశం ఫ్రీగా దొరుకుతుంది. చివర్లో ఉన్న కన్‌క్లూజన్ ముందు చదవకండి, అది రాసినవాళ్ళ అభిప్రాయం. మెథడ్స్ చదవండి: ఎంతమంది, ఎవరు, ఎంతకాలం, దేనితో పోల్చారు. తర్వాత రిజల్ట్స్‌లో రెండు గుంపుల అసలు అంకెలు, అవి దొరికితే పైన చెప్పిన లెక్క మీరే వేసుకోవచ్చు. రిస్క్ 1.2 రెట్లు అని ఉండి పక్కనే 0.8 నుంచి 1.9 అని ఇంకో రెండు అంకెలు కనిపిస్తాయి, అంటే నిజం ఆ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, 1 అంటే తేడా ఏమీ లేదని, ఇది 1 కంటే కిందకీ పైకీ రెండు వైపులా ఉంది కాబట్టి మంచిదో చెడ్డదో ఇంకా తేలనట్టే. కొలిచిన విషయాలు ఎక్కువ, మనుషులు తక్కువ ఉంటే ఇంకా అనుమానించండి. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే 15 మందితో మూడు వారాలు స్టడీ చేయించి, 18 రకాల కొలతలు తీసి, చాక్లెట్ తింటే బరువు తగ్గుతారని పేపర్ వేయించాడు, పత్రికలు అచ్చేశాయి కూడా. 18 కొలిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా కలిసొచ్చే అవకాశం చాలా ఎక్కువ.

ప్రీప్రింట్ అని ఉంటే ఇంకా వేరే నిపుణులు సరిచూడలేదని అర్థం, అలాంటివి పెట్టే మెడ్‌ఆర్‌కైవ్ సైట్‌లో ఆ మాట రాసే ఉంటుంది. పేపర్ వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడండి, పబ్‌మెడ్‌లో పైనే కనిపిస్తుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన, లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన 1998 నాటి పేపర్‌లో ఉన్నది 12 మంది పిల్లలు, దాన్ని 2010లో జర్నలే రద్దు చేసింది, 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల మీద చూస్తే ఏ సంబంధమూ కనిపించలేదు, అయినా ఆ పాత మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఇంత ఓపిక లేకపోతే కాక్రేన్ సంస్థ రివ్యూలు చూడండి, ఒక విషయం మీద వచ్చిన ట్రయల్స్‌ని కలిపి చూసి మామూలు మాటల్లో చెప్తారు, ఒక్కో కొత్త స్టడీ వెనక పరిగెత్తడం కంటే అది మేలు.

చివరిగా మందులు వాడుతున్నవాళ్ళకి. వార్త చూసి బీపీ మాత్ర, రక్తం పలచబడే మందు, స్టెరాయిడ్, ఫిట్స్ మందు లాంటివి మీ అంతట మీరు ఆపొద్దు, కొన్ని ఉన్నట్టుండి ఆపితేనే ప్రమాదం. ఆ వార్త సేవ్ చేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఇది నిజమా" అని కాకుండా "నా వయసుకి, నా జబ్బుకి ఈ మందు లేకపోతే వచ్చే పదేళ్ళలో 100లో ఎంతమందికి ఇబ్బంది వస్తుంది, వేసుకుంటే ఎంతమందికి వస్తుంది" అని అడగండి, డాక్టర్ కూడా దానికి సూటిగా జవాబు చెప్పడం సులువు. ఒక్క రకం వార్తకి మాత్రం ఇంత నెమ్మది పనికిరాదు: ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఫలానా మందు, ఫలానా బ్యాచ్ నంబర్ వెనక్కి తీసుకుంటున్నామని చెప్తే అది రీసెర్చ్ వార్త కాదు, అదే రోజు మీ స్ట్రిప్ మీద నంబర్ సరిచూసుకుని, అదే బ్యాచ్ అయితే మందుల షాపులో చూపించి మార్చుకోండి, డోసు మాత్రం మిస్ అవ్వకుండా చూసుకోండి.