అరకు, వంజంగి యాత్రకు బయలుదేరే ముందు

విశాఖ, బొర్రా, అరకు, వంజంగి అన్నీ చూడాలంటే మూడు రోజులైనా ఉంచుకోండి. అంత తీరిక లేకపోతే ఒక చోటు మానేయడమే మేలు.

• విశాఖ నుంచి బొర్రా, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు పొద్దున్నే బయలుదేరుతుంది. ముందు రాత్రి విశాఖలోనే ఉండండి. సొరంగాలు చూడాలనుకుంటే కిటికీ సీటు!

• బొర్రా గుహల మెట్లు తడిగా ఉంటాయి. అరిగిపోయిన చెప్పులు వద్దు.

• అరకులో సాయంత్రం గిరిజన మ్యూజియానికి, థింసా అనే గిరిజన నృత్యానికి ఉంచుకోండి. ఫొటో తీసేముందు అడగండి.

• వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బుల సముద్రం చూడాలంటే ముందు రాత్రి దగ్గర్లోని పాడేరులో బస చేయాలి. మేము అరకు నుంచి అర్ధరాత్రి బయలుదేరాం. ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులు, కొండెక్కేసరికి ఎండ వచ్చేసింది. మబ్బుల సముద్రం ఫోనులోనే చూసుకున్నాం.

• టార్చిలైటు, స్వెటరు, మంచినీళ్లు, చిల్లర.