సెరెబ్రల్ పాల్సీ ఉన్న చిన్నపిల్లలకు సదరం సర్టిఫికెట్: దరఖాస్తు విధానం, కాళ్ల పరీక్ష దగ్గర జాగ్రత్తలు

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు నుంచి తక్కువ శాతంతోనో, ఉత్త చేతులతోనో తిరిగొచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: "కాళ్లు బాగానే కదుపుతున్నాడుగా అన్నారు." నిజమే, సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లవాడు కాళ్లు కదుపుతాడు. రెండూ కలిపి గట్టిగా తంతాడు కూడా. కానీ మోకాలు కదలకుండా పాదం ఒక్కటే పైకి లేపమంటే లేపలేడు. ఈ తేడా కాగితం మీద లేకపోతే క్యాంపు హడావుడిలో ఎవరి కంటా పడదు. దళారులు బేరం పెట్టేదీ ఇక్కడే.

ముందు తేలికైన పనులు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకోవాలి. తెలంగాణలో మీసేవలో గానీ, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో సొంతంగా గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్లల ఆధార్, జనన ధ్రువపత్రం, ఫొటో, తల్లి లేదా తండ్రి ఆధార్, చేతిలో ఉండే ఫోన్ నంబర్ చాలు. ఆ నంబర్ మీదే కావాలి, ఊళ్లో 'సాయం చేసే' మనిషిది కాకూడదు. స్లాట్ మెసేజ్ అతనికి వెళ్తే మీరు అతని చుట్టూ తిరగాల్సి వస్తుంది. పేరు, ఇంటిపేరు ఆధార్‌లోనూ జనన ధ్రువపత్రంలోనూ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించడం మరవొద్దు.

దరఖాస్తులో ఒక్క గడి దగ్గర ఆగండి, వైకల్యం రకం దగ్గర. యూడీఐడీ జాబితాలో సెరెబ్రల్ పాల్సీ పేరు విడిగానే ఉంటుంది. వినికిడి, చూపు, బుద్ధి ఎదుగుదల సమస్య కూడా ఉంటే దాన్నీ నమోదు చేయించాలి. లేకపోతే ఆ డాక్టరు దగ్గరకు పంపరు, ఇంకో స్లాట్ కోసం మళ్లీ ఎదురుచూడాలి. రెండు వైకల్యాల శాతాలను నేరుగా కూడరన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. 90లోంచి పెద్ద శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాళ్లకు 60, ఇంకోదానికి 30 వస్తే మొత్తం 70 అవుతుంది, 90 కాదు. ఇది తెలియక 'మావాడికి తగ్గించేశారు' అని గొడవపడేవాళ్లు చాలామంది.

అసలు చిక్కు: కాళ్ల మీద పట్టు

క్యాంపుకు ముందే ఒక ఫిజియోథెరపీ రిపోర్టు చేతిలో ఉండాలి. జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో, అంటే అందరూ డీఈఐసీ అనే చోట, దీన్ని డబ్బు తీసుకోకుండా రాసిస్తారు. అది దూరమైతే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కుని వెళ్లండి. 'సీపీ (సెరెబ్రల్ పాల్సీ), డిప్లీజియా (కాళ్లలో ఎక్కువగా ఉండే రకం), ఫిజియో అవసరం' అని ఒక్క ముక్క రాసిచ్చే చీటీతో పని జరగదు. రిపోర్టులో మూడు విషయాలు విడివిడిగా ఉండాలని అడగండి: కండరాల బిగువు, కాలి కదలికల మీద పట్టు, నడక, కదలికల స్థాయిని చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్.

బిగువు, పట్టు ఒకటి కావు. బిగువును 0 నుంచి 4 వరకు ఉండే మాడిఫైడ్ యాష్‌వర్త్ కొలతతో రాస్తారు. మందుతో, ఇంజెక్షన్‌తో అది కొంత తగ్గుతుంది. పట్టు అంటే అనుకున్న కీలు ఒక్కదాన్నే, మిగతావి కదలకుండా కదపగలగడం. మెదడు నుంచి కాళ్లకు ఆజ్ఞలు తెచ్చే దారి దెబ్బతింటే ఈ పట్టు పోతుంది, బిగువు తగ్గినంత మాత్రాన తిరిగి రాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కాళ్లే ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఉంది: కాళ్లకు వెళ్లే నరాల పోగులు మెదడులోని నీటి గదుల పక్కనుంచే పోతాయి, గాయం కూడా అక్కడే అవుతుంది. ఎంఆర్ఐ రిపోర్టులో 'పెరివెంట్రిక్యులర్' (ఆ నీటి గదుల చుట్టూ) అన్న మాట ఉంటే ఆ కాగితం, పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ రెండూ ఫైల్లో పైకి కనిపించేలా పెట్టండి.

పట్టును కొలిచే పరీక్ష పేరు స్కేల్. సుమారు నాలుగేళ్లు దాటి, చెప్పిన మాట అర్థమయ్యే పిల్లలకు చేస్తారు. ఒక్కో కాలికి ఐదు చోట్ల చూస్తారు: తుంటి, మోకాలు, చీలమండ, పాదం లోపలికీ బయటికీ తిరగడం, కాలివేళ్లు. తుంటికి పక్కకు తిప్పి పడుకోబెడతారు, మిగతావన్నీ కూర్చోబెట్టి చూస్తారు. ఒక్కో చోట 2, 1 లేదా 0 వేస్తారు. కాలికి మొత్తం 10. కుడి, ఎడమ విడివిడిగా రాయాలి.

చీలమండ దగ్గరే ఎక్కువ మార్కులు పోతాయి. మోకాలు చాచి ఉంచి, ముందు ఫిజియోనే పాదాన్ని చేత్తో పైకీ కిందికీ కదిపి ఎంతవరకు వెళ్తుందో చూస్తారు. తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ 'పైకి, కిందికి, పైకి' అని పిల్లవాణ్ణే కదపమంటారు. పాదం లేవదు, బొటనవేలు ఒక్కటే నిక్కుతుంది. లేదా మోకాలు ముడుచుకుని తొడ లేస్తుంది, ఆ లాగుడుకు పాదమూ పైకి వస్తుంది. కాలు మొత్తం ఒక్క ముద్దగా ఇలా కదిలితే దానికి 0 వేస్తారు, చూసేవాళ్లకు మాత్రం పాదం లేచినట్టే ఉంటుంది. సగం దూరమే వెళ్లినా, లెక్క కంటే ఆలస్యంగా కదిలినా, రెండో పాదం కూడా దానితోపాటు లేచినా 1 మాత్రమే. పక్కనున్న అమ్మమ్మ జాలిపడి మోకాలు పట్టుకుని 'లేపు నాన్నా' అని కాస్త ఎత్తిందంటే ఆ పరీక్ష చెడిపోయినట్టే. చేతులు కట్టుకుని కూర్చోండి.

అంతకన్నా చిన్నపిల్లలు చెప్పిన మాట వినరు కాబట్టి ఆటలోనే చూడాలి: పడుకుని తన్నేటప్పుడు కాళ్లు ఒకటి తర్వాత ఒకటి కదులుతున్నాయా, రెండూ కలిసే ముడుచుకుని చాచుకుంటున్నాయా; పాదం దగ్గర గజ్జె పెడితే వేళ్లతో తాకుతుందా, కాలంతా విసురుతుందా. ఇది ఐదు నిమిషాల్లో తేలదు. అందుకే ఇంట్లో ఫోన్లో వీడియో తీసి ఫిజియోకు చూపించండి. చెప్పులు, కాలికి కట్టే స్ప్లింట్ తీసేసి, నిక్కరుతో, పాదాలు నేలకు ఆనని ఎత్తులో కూర్చోబెట్టి ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. నేల మీద నుంచి లేవడం, పట్టుకుని నడవడం కూడా. అరనిమిషం చాలు, ఎడిటింగ్ వద్దు. క్యాంపులో శాతం వేసే మెడికల్ బోర్డు మీ వీడియో చూస్తుందన్న హామీ లేదు. ఫిజియో చూసి రిపోర్టులో రాస్తే మాత్రం బోర్డు ముందు అది కాగితమై ఉంటుంది.

జీఎంఎఫ్‌సీఎస్ 1 నుంచి 5 వరకు ఉంటుంది; సొంతంగా నడిచే పిల్లలకు 1, చక్రాల కుర్చీలో కూడా ఒకరు తోసుకెళ్లాల్సిన పిల్లలకు 5. రెండేళ్లలోపు వేసిన లెవెల్ తర్వాత మారవచ్చు, కాబట్టి పాత రిపోర్టు పట్టుకెళ్లకండి.

క్యాంపు రోజు

ఆకలితో, నిద్రతో ఉన్న పిల్లవాడు ఏడుస్తాడు, ఏడిస్తే ఒళ్లంతా బిగుసుకుంటుంది; అప్పుడు బిగువు ఉన్నదానికంటే ఎక్కువగా, పట్టు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అది మీకు లాభం అనుకోవద్దు, 'సహకరించలేదు' అని మళ్లీ రమ్మంటారు. తినిపించి, ఇష్టమైన బొమ్మ తెచ్చి, టోకెన్ దగ్గర పడేటప్పుడే స్ప్లింట్ విప్పండి.

'ఆ రోజు మందు వేయకండి, కాళ్లు బిగుసుకుంటే శాతం పెరుగుతుంది' అని క్యాంపు గేటు దగ్గర సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. బిగువు తగ్గించే బాక్లోఫెన్ గానీ ఫిట్స్ మందు గానీ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మందు వేసే తీసుకెళ్లండి, ఏ మందు ఎంత మోతాదో చీటీ చూపించండి. బిగువు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ చేయించి ఉంటే ఆ తేదీ రిపోర్టులో ఉండాలి. దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది, ఆ లోపు పరీక్షిస్తే కాళ్లు మెత్తగా ఉన్నట్టు రాసేస్తారు.

డబ్బిస్తే 80 శాతం వేయిస్తామనే మాట కూడా వినిపిస్తుంది. మోసంతో వికలాంగులకిచ్చే ప్రయోజనాలు పొందినా, పొందడానికి ప్రయత్నించినా 2016 వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు నోటీసులు అందుకున్నది పింఛనుదారులే, దళారులు కాదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక వైకల్యం పేరు, శాతం, 'తాత్కాలికం' అని ఉంటే గడువు తేదీ చూడండి. తాత్కాలికం అంటే తిరస్కరించారని కాదు. ఎదిగే పిల్లల్లో పరిస్థితి మారుతుంది కాబట్టి ఎక్కువగా అలాగే ఇస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే గడువు ముగిసేదాకా ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు దాంతోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి లక్ష వరకు వైద్య ఖర్చులకు, థెరపీకి వర్తిస్తుంది.

శాతం అన్యాయం అనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు 'మావాడు నడవలేడు' అని అర్జీ రాస్తే సరిపోదు. కాలివారీ స్కేల్ మార్కులు, యాష్‌వర్త్, జీఎంఎఫ్‌సీఎస్ ఉన్న రిపోర్టు జతచేసి, బోర్డు రాసిన దాంట్లో ఏది వేటితో సరిపోవడం లేదో రెండు మూడు వాక్యాల్లో చూపించండి. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఆ రిపోర్టు జిరాక్సులు ఇంట్లో ఉంచుకోండి, అసలును ఎవరి చేతికీ ఇవ్వకండి. గడువు తేదీ దగ్గరపడ్డాక తిరిగి స్లాట్ పెట్టినప్పుడు బోర్డు పాత మార్కులు, కొత్త మార్కులు పక్కపక్కన చూడాలంటే అదే కావాలి.