ప్రొజెస్టెరాన్ క్రీమ్: పనిచేయకపోయినా, వికటించినా ఎక్కడ వెతకాలి

ప్రొజెస్టెరాన్ అంటే అండం విడుదలయ్యాక ఆడవారి శరీరం తయారుచేసే హార్మోన్. నెలసరి, మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగే దశ) ఇబ్బందులకు దాన్ని క్రీమ్‌గా చర్మానికి రాస్తారు. క్రీమ్ రాస్తున్నా గుణం కనిపించకపోతే చాలామంది వెంటనే మోతాదు పెంచేస్తారు. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ట్యూబులో ఉన్నది అసలు ప్రొజెస్టెరానేనా? ఒక్కసారికి ఎన్ని మిల్లీగ్రాములు ఒంటికి పడుతోంది? నెలలో ఏ రోజుల్లో రాస్తున్నారు? ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి దగ్గరే దొరుకుతాయి.

రెండు మూడు నెలలైనా ఏ మార్పూ లేదు

మొదట లేబుల్ వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. అందులో "ప్రొజెస్టెరాన్ యుఎస్‌పి" (యుఎస్‌పి అంటే అమెరికా ఔషధ ప్రమాణం) అని ఉండాలి, పక్కన శాతమో మిల్లీగ్రాములో రాసి ఉండాలి. "వైల్డ్ యామ్ ఎక్స్‌ట్రాక్ట్" అని మాత్రమే ఉంటే అందులో ప్రొజెస్టెరాన్ లేనట్టే. ఆ అడవి దుంపలో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంటుంది. 1940లలో రస్సెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికోలో దాన్నుంచే ప్రొజెస్టెరాన్ తయారుచేశాడు. కానీ అది ప్రయోగశాలలో, రసాయనాలతో జరిగిన మార్పు. మన శరీరంలో ఆ మార్పు జరగదు. దుంప క్రీమ్ ఎంత రాసినా ప్రొజెస్టెరాన్ పెరగదు.

లేబుల్ సరిగ్గానే ఉంటే లెక్క చూడండి. 2 శాతం క్రీమ్ అంటే 1 గ్రాములో 20 మిల్లీగ్రాములు. ఔన్సుకు 450 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే గ్రాముకు సుమారు 16. ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపించిన 10 శాతం క్రీమ్ అయితే అదే గ్రాములో 100. పాత ట్యూబు అయిపోయి కొత్తది వేరే శాతంలో వచ్చినప్పుడు, చేతికి అలవాటైన కొలతే కొనసాగించడం వల్ల మోతాదు ఐదింతలు పెరిగిన సందర్భాలూ, అంతే తగ్గినవీ ఉంటాయి.

"బఠానీ గింజంత" అనే కొలతను నమ్మకండి. ఒకరి బఠానీ మరొకరి శనగ. పిల్లలకు మందు పోసే, సూది లేని 1 మి.లీ. సిరంజి తీసుకోండి. పిస్టన్ బయటికి లాగేసి వెనక వైపు నుంచి క్రీమ్ నింపి, పిస్టన్ పెట్టి, మొన పైకి ఉంచి గాలి బయటికి తోసేయండి. 2 శాతం క్రీమ్‌లో 1 మి.లీ. గీత దాకా ఉంటే దాదాపు 20 మిల్లీగ్రాములు, 0.5 గీత దగ్గర 10. పావు టీస్పూన్ అంటే సుమారు 1.25 మి.లీ. కాబట్టి కాస్త ఎక్కువే పడుతుంది.

రాసే చోటు కూడా ముఖ్యమే. మోచేతి లోపలి వైపు, తొడల లోపలి భాగం, పొట్ట అనుకూలం. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక రాయాలి. మాయిశ్చరైజర్ మీద రాయకూడదు, రాశాక కనీసం గంటసేపు కడగకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మార్పు లేకపోతే, బాధకు మూలం వేరే కావచ్చు. అలసట, జుట్టు రాలడం, ఎక్కువ రక్తస్రావం వెనక థైరాయిడ్ లోపమో ఐరన్ కొరతో ఉండటం చాలా మామూలు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించకుండా క్రీమ్ ట్యూబులు మార్చుకుంటూ పోతే కాలం వృథా. మెనోపాజ్ సమయంలో ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కే వేడి ఆవిర్ల విషయంలో క్రీమ్ మీద జరిగిన పరీక్షల్లో కొన్ని లాభం చూపించాయి, కొన్ని చూపించలేదు. ఎముకలకు రక్షణ ఇస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

నెలసరి తేదీ గల్లంతైంది, మధ్యలో చుక్కలు కనబడుతున్నాయి

నెలసరి ఆలస్యమైతే ముందు గర్భ పరీక్ష చేసుకోండి. అది నెగెటివ్ వచ్చాకే క్రీమ్ సంగతి.

మామూలుగా కారణం, క్రీమ్ ముందే మొదలుపెట్టడం. అండం విడుదలయ్యాక శరీరం తానే ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. అంతకు ముందే బయటినుంచి ఇస్తే అండం విడుదలకు పిలుపునిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ అణిగి, ఆ నెల లెక్క తప్పవచ్చు. 28 రోజుల చక్రం వారికి 14వ రోజు తర్వాత అని చెబుతారు గానీ, 34 రోజుల చక్రం ఉన్నవారికి ఆ లెక్క కుదరదు. వారికి అండం సుమారు 20వ రోజున విడుదలవుతుంది. వచ్చే నెలసరి తేదీ నుంచి 14 రోజులు వెనక్కి లెక్కించండి, లేదా అండం విడుదల కిట్‌తో చూసుకోండి. గుర్తు వచ్చిన మరుసటి రోజో రెండో రోజో మొదలుపెట్టి, 12 నుంచి 14 రోజులు రాసి ఆపేయాలి. ఆపిన వారం లోపల సాధారణంగా రక్తస్రావం వస్తుంది.

రోజు విడిచి రోజు మర్చిపోయినా చుక్కలు పడతాయి. మర్చిపోయిన మోతాదుకు మర్నాడు రెట్టింపు రాయకండి. మెనోపాజ్ దగ్గరపడి చక్రం ఒక నెల 24 రోజులు, మరో నెల 50 రోజులు అవుతుంటే ఈ వేలి లెక్కలు పనికిరావు. క్యాలెండర్ తేదీల ప్రకారం ఎప్పుడు రాయాలో డాక్టరే నిర్ణయించాలి.

ఈస్ట్రోజెన్ మాత్ర, ప్యాచ్ లేదా జెల్ కూడా వాడుతున్నారు, రక్తం కనిపించింది

ఈ భాగం నిదానంగా చదవండి. ఈస్ట్రోజెన్ మరో స్త్రీ హార్మోన్. అది ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ పొరను అదుపులో ఉంచడానికే ప్రొజెస్టెరాన్ జోడిస్తారు. చర్మానికి రాసే క్రీమ్‌తో రక్తంలో చేరే స్థాయి ఆ పనికి సరిపోతుందని భరోసా ఇవ్వలేం. అండం విడుదలైన వారం తర్వాత ప్రొజెస్టెరాన్ సహజంగా మిల్లీలీటరు రక్తానికి 10 నానోగ్రాములు, అంతకు మించి ఉండవచ్చు. 20 నుంచి 40 మిల్లీగ్రాముల క్రీమ్‌తో సాధారణంగా 3 దాటదు.

అందుకే గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్‌తో పాటు క్రీమ్ మీదే ఆధారపడకూడదు. దానికి నోటి మాత్రగా మైక్రోనైజ్డ్ (ఒంటికి బాగా పట్టేలా మెత్తటి పొడి చేసిన) ప్రొజెస్టెరాన్ ఉంది: రోజూ అయితే రాత్రి 100 మిల్లీగ్రాములు, నెలలో 12 నుంచి 14 రోజులే అయితే 200. కొన్ని క్యాప్సూళ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, అలర్జీ ఉంటే ముందే చెప్పండి.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా క్రీమ్ ప్రభావమని సర్దుకోవద్దు. స్కానింగ్ చేసి పొర మందం చూడాలి, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేయాలి. కారణం తెలియని రక్తస్రావం ఉన్నా, రొమ్ము క్యాన్సర్ వచ్చినా, కాలేయ జబ్బు ఉన్నా, గతంలో రక్తం గడ్డకట్టినా డాక్టర్‌ను అడగకుండా క్రీమ్ మొదలుపెట్టకండి.

లాలాజల పరీక్షలో స్థాయి ఆకాశమంత, రక్త పరీక్షలో అట్టడుగున

రెండూ ఒకే మనిషివి, ఒకే రోజువి అయినా ఇలా వస్తాయి. క్రీమ్ వాడేవారి లాలాజలంలో ప్రొజెస్టెరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. వేళ్లకు అంటిన క్రీమ్ పరీక్ష గొట్టానికి తగిలినా అంతే. ఆ అంకె చూసి గర్భసంచికి రక్షణ ఉందనుకోవడం ప్రమాదం. అండం విడుదలవుతోందో లేదో తెలుసుకోవాలంటే క్రీమ్ వాడని నెలలో, విడుదలైన సుమారు 7 రోజులకు పరీక్షకు రక్తం ఇవ్వండి. 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టు లెక్క. అందరికీ 21వ రోజే అనేది 28 రోజుల చక్రానికి మాత్రమే సరిపోయే మాట.

రొమ్ముల్లో బరువు, మత్తు, చిరాకు

మొదటి వారాల్లో వచ్చి సర్దుకోవచ్చు. సర్దుకోకపోతే మోతాదు సగం చేసి, రాత్రి పూట రాసి చూడండి. ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టే అల్లోప్రెగ్నెనొలోన్ మెదడులో నిద్రమత్తు తెస్తుంది. కొద్దిమందిలో మాత్రం అదే ఆందోళన పెంచుతుంది. మనసు బాగా కుంగితే ఆపేసి డాక్టర్‌కు చెప్పాలి.

చర్మం మీద దురద, ఎర్రదనం

చాలాసార్లు తప్పు హార్మోన్‌ది కాదు, క్రీమ్‌లోని సువాసనది, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకానిది లేదా నిల్వ రసాయనాలది. రోజూ చోటు మార్చండి, సువాసన లేనిది ఎంచుకోండి. మూత తీసి వేళ్లు ముంచే డబ్బా కన్నా పంపు సీసా మంచిది.

రాసిన చోటు పిల్లల ఒంటికి తగిలితే హార్మోన్ వారికీ అంటుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, క్రీమ్ ఆరాక రాసిన చోటును బట్టతో కప్పి ఉంచండి. పసిపిల్లను ఎత్తుకునే చేతికి కాకుండా తొడకు రాయడం తేలికైన దారి.