విదేశీ సేవకు వెళ్తున్నారా? ముందు రుయాను తలచుకోండి

తిరుపతి నుంచి నేపాల్‌కో, కంబోడియాకో, టాంజానియాకో సేవకు గాని, ఇంటర్న్‌షిప్‌కు గాని బయలుదేరే విద్యార్థులకు, ముఖ్యంగా వైద్య, నర్సింగ్ విద్యార్థులకు, నేను చెప్పదలచిన చిట్కా ఒక్కటే: అక్కడ ఏ పని అప్పగించినా, ఇదే చదువుతో, పక్కన పెద్ద డాక్టరు లేకుండా, ఆ పనిని మన రుయా ఆసుపత్రి వార్డులో నన్ను చేయనిస్తారా అని ప్రశ్నించుకోండి. చేయనివ్వరనిపిస్తే, అక్కడి వైద్యుడే కుట్లు వేయమని సూది చేతికిచ్చినా, ఆ అర్హత నాకింకా రాలేదు, చూసి నేర్చుకుంటానని మర్యాదగా చెప్పండి. పేద రోగి శరీరం మన సాధనకు దొరికిన అవకాశం కాదు.

అనాథాశ్రమాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కంబోడియా, నేపాల్ దేశాల్లో అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని, విదేశీయుల విరాళాల కోసం కొందరిని పల్లెల నుంచి తెచ్చి ఉంచారని బయటపడింది. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చిన ఆస్ట్రేలియా దీనిని కూడా ఆ కోవలోనే గుర్తించింది. కాబట్టి రెండు వారాలు పిల్లలతో గడిపే కార్యక్రమాలకు రుసుము కట్టకండి. చేరువైనవారు వరుసగా వెళ్లిపోతుంటే ఆ పసిమనసులు నలిగిపోతాయి.

కల్యాణకట్ట నుంచి గుండుతో వస్తున్న మన అవ్వను ఎవరో పరదేశి అడగకుండా ఫొటో తీస్తే మనకెంత బాధగా ఉంటుందో, అక్కడి రోగులకూ అంతే. జీతం లేని పనికి మీ వీసా అనుమతిస్తుందో లేదో టికెట్ కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.