గ్రామ్ స్టెయినింగ్ తప్పు లేకుండా చేయడం ఎలా?

బ్యాక్టీరియాకు రంగు వేసి, ఊదాగా మిగిలేవి గ్రామ్ పాజిటివ్, ఎర్రగా మారేవి గ్రామ్ నెగటివ్ అని విడదీసే పద్ధతే గ్రామ్ స్టెయినింగ్. మైక్రోబయాలజీ డిగ్రీలో చేరిన కొత్తలోనే దీన్ని చేయిస్తారు. ఎమ్మెస్సీ పూర్తిచేసి జీడిమెట్లకో పరవాడకో ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే మళ్లీ దాని గురించే అడుగుతారు. ఈ మధ్యలో ఐదేళ్లు గడిచినా చాలామందికి ఇది సరిగా రాదు. కాలేజీలో ఎన్నో బ్యాచులకు నేర్పాను, తర్వాత కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకూ నేర్పాను. అందరూ చెడగొట్టేది ఒకే చోట.

కావాల్సినవి చెప్పేస్తాను. జిడ్డు లేని స్లైడు, లూపు (బ్యాక్టీరియాను తీసే తీగ), స్పిరిట్ ల్యాంపు, క్రిస్టల్ వయొలెట్ (ఊదా రంగు), గ్రామ్స్ అయోడిన్, 95 శాతం ఇథనాల్ (ఆల్కహాల్), శాఫ్రనిన్ (ఎర్ర రంగు), ఇమ్మర్షన్ ఆయిల్. కల్చర్ (ల్యాబులో పెంచిన బ్యాక్టీరియా) 18 నుంచి 24 గంటలదే ఉండాలి. పాతదైతే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా కూడా ఎర్రగా కనిపిస్తుంది.

స్లైడు మీద చిన్న నీటి చుక్క వేసి, కాలనీ (ప్లేటు మీద గుంపుగా పెరిగిన బ్యాక్టీరియా) నుంచి గుండుసూది మొనంత తీసి పల్చగా పూయండి. ఆరాక స్లైడుని పేపర్ మీద పెడితే కింద అక్షరాలు చదవగలగాలి. ఈ పూతనే స్మియర్ అంటాం, అది దానంతట అదే ఆరాలి. తర్వాత మంట మీదుగా మూడుసార్లు తిప్పండి. చేతి వెనక ఆనిస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగండి. అయోడిన్ ఒక నిమిషం, కడగండి.

ఇక ఆల్కహాల్. అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఇక్కడ ఫోను పక్కన పెట్టండి, పక్కవాళ్లతో మాటలు ఆపండి.

అయోడిన్ రంగుతో కలిసి కణం లోపల పెద్ద ముద్దలా తయారవుతుంది. గ్రామ్ పాజిటివ్ కణం గోడ మందం. ఆల్కహాల్ తగిలితే ఆ గోడ ఎండి బిగుసుకుంటుంది, రంగు లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌లో గోడ పల్చన, దానిపైన కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర ఆల్కహాల్‌కి కరిగిపోయి రంగు బయటికి వచ్చేస్తుంది. అయితే ఆల్కహాల్ ఇంకాసేపు పోస్తే మందం గోడ కూడా రంగు వదిలేస్తుంది. తేడా అంతా కొన్ని సెకన్లలోనే ఉంది.

ముందు స్లైడు మీది నీళ్లు దులపండి, లేకపోతే ఆల్కహాల్ పలచబడుతుంది. స్లైడుని ఏటవాలుగా పట్టుకుని కింద తెల్ల టైల్ పెట్టండి. పై అంచు నుంచి ఆల్కహాల్ చుక్కచుక్కగా వదులుతూ, కింది అంచు నుంచి జారే చుక్కనే చూడండి. మొదట ముదురు ఊదాగా పడుతుంది, తర్వాత లేత ఊదా. చుక్కలో రంగు దాదాపు పోయిందనగానే నీళ్లు పోసేయండి. ఇంకొక్క చుక్క చూద్దామని ఆగొద్దు. మామూలుగా 10 నుంచి 15 సెకన్లు పడుతుంది, కానీ గడియారాన్ని నమ్మకండి. స్మియర్ మందాన్ని బట్టి సమయం మారుతుంది.

కొన్ని కిట్లలో అసిటోన్ కలిపిన ద్రావణం వస్తుంది. అది రంగును మరీ త్వరగా లాగేస్తుంది. నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు, ఇథనాలే వాడాలి. 1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ న్యుమోనియా రోగుల ఊపిరితిత్తుల ముక్కల మీద ఈ పద్ధతి చేసినప్పుడు శాఫ్రనిన్ వాడనే లేదు. అది తర్వాతివాళ్లు చేర్చింది. రంగు, అయోడిన్, ఆల్కహాల్, అసలు పద్ధతి ఇంతే.

ఒకే స్లైడు మీద మూడు స్మియర్లు వేయడం నా నియమం. ఎడమ పక్క స్టెఫిలోకాకస్ (గ్రామ్ పాజిటివ్), కుడి పక్క ఇ.కోలై (గ్రామ్ నెగటివ్), మధ్యలో మీ శాంపిల్. మూడూ ఒకే మందంలో ఉండాలి. స్టెఫిలోకాకస్ ఎర్రబడితే ఆల్కహాల్ ఎక్కువైంది, ఇ.కోలై ఊదాగా మిగిలితే తక్కువైంది. రెండిట్లో ఏది జరిగినా ఆ స్లైడు పారేసి మళ్లీ చేయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక కంపెనీ క్లీన్‌రూమ్ (దుమ్ము, సూక్ష్మజీవులు చేరకుండా చూసే గది) ప్లేటులో పెరిగిన కాలనీని కొత్తగా చేరినబ్బాయి గ్రామ్ నెగటివ్ రాడ్స్ (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) అని రాశాడు. అవి సాధారణంగా నీళ్ల నుంచి వస్తాయి కాబట్టి రెండు రోజులు వాటర్ లైన్లన్నీ వెతికారు. నేను తాజా కల్చర్‌తో మళ్లీ స్టెయిన్ చేస్తే ముదురు ఊదా రాడ్స్ కనిపించాయి. ఒక్కోదాని మధ్యలో రంగు పట్టని చిన్న చుక్క, అది స్పోర్ (బ్యాక్టీరియా విత్తనం లాంటిది). బాసిల్లస్ అనే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా! దుమ్ముతోనో అట్టపెట్టెలతోనో లోపలికి వచ్చేది. వెతకాల్సిన చోటే వేరు.

క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగమంటే ఇదే. సెటిల్ ప్లేట్లు (గాల్లోంచి పడే సూక్ష్మజీవులను పట్టేవి), నీటి పరీక్షలు, స్టెరిలిటీ టెస్టు (మందులో సూక్ష్మజీవులు లేవని చూసే పరీక్ష), వాటిలో పెరిగినదాన్ని గుర్తించడం. హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ కంపెనీల్లోనూ, ఆహార పరీక్షల ల్యాబుల్లోనూ ఈ చేతిపనే కావాలి. ఆస్పత్రి ల్యాబులో అయితే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రోగి వెన్ను నీరు వస్తుంది. కల్చర్ రిపోర్టు వచ్చేలోగా డాక్టరు ఎదురుచూసేది మీ స్లైడు కోసమే. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయండి.

పీజీ ప్రవేశ పరీక్షలైన తెలంగాణ సీపీగెట్‌లోనో ఏపీ పీజీసెట్‌లోనో ర్యాంకు వచ్చాక, కాలేజీ ఎంచుకునే ముందు ఒకసారి ల్యాబు చూసి రండి. ఎనిమిదిమందికి ఒక స్లైడు ఇచ్చే చోట చేరొద్దు. ఎవరి స్లైడు వాళ్లు చేసే చోట చేరండి.

ఇక స్లైడు దగ్గరికి వద్దాం. ఆల్కహాల్ కడిగాక మిగిలిన చివరి మెట్లు తేలిక. శాఫ్రనిన్ ఒక నిమిషం, కడిగి, బ్లాటింగ్ పేపర్‌తో అద్దండి, రుద్దొద్దు. ఆయిల్ చుక్క వేసి మైక్రోస్కోపు 100ఎక్స్ లెన్సులో, కణాలు విడివిడిగా ఉన్న పల్చటి చోట చూడండి. గుంపుగా ఉన్న చోట కనిపించే రంగుని రికార్డులో రాయొద్దు.