పాత శాంప్లర్ గరుకుదనం సాఫ్ట్‌వేర్‌లో ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

శాంప్లర్ అంటే రికార్డు చేసిన శబ్దాన్ని వేర్వేరు శ్రుతుల్లో వాయించే యంత్రం లేదా సాఫ్ట్‌వేర్. రెడీమేడ్ సౌండ్ లైబ్రరీల్లోని డ్రమ్స్ మరీ నున్నగా వినిపిస్తున్నాయని, పాత శాంప్లర్ల గరుకుదనం ఎలా తేవాలని చాలామంది అడుగుతున్నారు. నాదీ అదే సమస్య. బిట్‌క్రషర్ (శబ్దం నాణ్యతను కావాలనే తగ్గించే ఎఫెక్ట్) ఒక్కటే వాడటం, టేప్ శాచురేషన్ (పాత టేపు రికార్డింగ్ లాంటి ఎఫెక్ట్), ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దే టూల్) ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు టైమ్ స్ట్రెచ్ (శ్రుతి మారినా నిడివి మారకుండా ఉంచే ఆప్షన్) ఆపేసి, స్నేర్ డ్రమ్ శబ్దాన్ని 7 సెమీటోన్లు (స్వరస్థానాలు) పైకి పిచ్ చేశాను. దాని నాణ్యతను 12 బిట్, 26 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుకి తగ్గించి మళ్లీ కొత్త ఆడియో ఫైల్‌గా రెండర్ చేశాను. 1987 నాటి ఎస్‌పీ-1200 అనే శాంప్లర్ దాదాపు ఆ లెక్కలోనే రికార్డు చేసేది. తర్వాత శాంప్లర్‌లో ఇంటర్‌పొలేషన్ పూర్తిగా ఆఫ్ చేసి, అప్పుడే 7 సెమీటోన్లు కిందికి దించాను. కీలకం ఇక్కడే ఉంది: ఇంటర్‌పొలేషన్ ఆన్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ శబ్దపు నమూనాల మధ్య ఖాళీలను నున్నగా పూడ్చేస్తుంది, మనకు కావలసిన గరగర పోతుంది. చివర్లో లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) కొద్దిగా వేశాను, అంతే.

డ్రమ్స్‌కి అద్భుతంగా కుదిరింది. పియానో, ప్యాడ్స్‌కి ఇలాగే కుదురుతుందని మాత్రం చెప్పలేను. కొన్ని శాంప్లర్లలో ఇంటర్‌పొలేషన్ ఆపే ఆప్షనే ఉండదు, ముందు అది చూసుకోండి.